బండి చప్పుడుకు తెరుచుకున్న గేటు

వేడెక్కిన ఇంజిను మీద వాన చినుకులు పడితే లేచే వాసన నాకు విమలక్కను గుర్తుకు తెస్తుంది. నిన్న సాయంత్రం చిక్కడపల్లి సిగ్నల్ దగ్గర ఆ వాసన తగలగానే, నా బండి వెనక సీటు మీద ఆమె కూర్చుని ఉన్నట్టే అనిపించి అద్దంలోకి చూశాను. ఎవరూ లేరు. ఆమె చనిపోయి చాలా కాలమైంది.

ఉద్యోగ పరీక్షల కోసం సిద్దిపేట దగ్గరి ఊరి నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉండేదాన్ని. ఫలితాలు రాక మనసు విరిగి, చిక్కడపల్లిలో సైన్‌బోర్డులు డిజైన్ చేసే విమలక్క ఆఫీసులో పనికి చేరాను. పొట్టి మనిషి, నెరిసిన జడ, పెద్ద గొంతు. నల్లటి క్రూయిజర్ బైకు మీద వచ్చేది. దాని హ్యాండిల్, సీటు అన్నీ తన ఒంటికి తగ్గట్టు మార్పించుకుంది. నాకూ అలాంటిదే కావాలంటే మా వాళ్లంతా నవ్వారు. ఆమె మాత్రం నన్ను వెంటబెట్టుకుని పాత బండ్ల షాపులన్నీ తిప్పింది. ప్రతిచోటా బండికి దూరంగా నిలబెట్టేది.

"మెరుపు చూడకు పిల్లా. ట్యాంకు నుంచి వెనక మడ్‌గార్డ్ దాకా గీత ఎట్ల దిగుతుందో చూడు. గా గీత మంచిగుంటే మిగతాది మార్చుకోవచ్చు. ఏది బోల్టు విప్పితే వస్తది, ఏది కోస్తే తప్ప రాదు, అది చూసి కొను."

నారాయణగూడలో ఒక మెరూన్ రంగు బండి దగ్గర ఆ గీత నాకు కనిపించింది. ఎక్కి కూర్చుంటే హ్యాండిల్ అందీ అందనట్టుంది. పొడుగు చేతుల మనిషెవరో దాన్ని తన కోసం వంచుకున్నాడు. సైలెన్సర్ కూడా మార్చినదే. ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టుంది చప్పుడు. నడిపి చూద్దామని విమలక్కను వెనక కూర్చోబెట్టుకుని పక్క గల్లీలోకి తిప్పాను. ఒక పాత ఇంటి ముందుకు రాగానే గేటు తెరుచుకుంది. ఒక ముసలావిడ మాకు దారి ఇస్తున్నట్టు పక్కకు తప్పుకుంది. దాటి వెళ్లిపోయాం. తిరిగి వచ్చేటప్పుడు మూసి ఉన్న ఆ గేటు మేం దగ్గరయ్యేసరికి మళ్లీ తెరుచుకుంది.

"షాపుకు పోదాం అక్కా, నాకు భయమైతుంది."

"ఆపు. ఆమె మనల్ని చూస్తలేదు, బండిని చూస్తుంది. దిగి మాట్లాడుదాం."

ముసలావిడ ట్యాంకు మీద అరచెయ్యి ఆనించింది. "మా తమ్ముడిది. వాడు పోయాక అమ్మేశాం. ఈ చప్పుడు వింటే నా కాళ్లు వాటంతటవే గేటు దగ్గరకు వచ్చేస్తాయమ్మా," అంది. తర్వాత ఇంటివైపు తిరిగి, రోజూ పిలిచినట్టే పిలిచింది. "ఒరేయ్, నీ బండి వచ్చిందిరా!"

మేడ మీద కుర్చీ జరిగింది. మెట్ల మీద నిదానంగా అడుగులు వినిపించాయి. సగం దిగి ఆగిపోయాయి.

"ఇంట్ల ఎవరున్నరమ్మా?" విమలక్క అడిగింది.

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే."

నాకు పారిపోవాలనిపించింది. విమలక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. గొంతు తగ్గించి ఆవిడను మర్యాదగా అడిగింది. "ఈ పిల్ల గీ బండి కొనాలనుకుంటుంది. కొంటే హ్యాండిల్ దగ్గరకు తెచ్చుకుంటది, సైలెన్సర్ మారుస్తది. ఈ చప్పుడు మళ్ల వినపడదు. మార్చమంటారా, వద్దంటారా?"

ఆవిడ చాలాసేపు మెట్లవైపే చూసింది. "మార్చుకోండి. వాడు మాత్రం ఎన్నాళ్లని దిగుతాడు?" అంది.

బండి కొన్నాను. విప్పిన సైలెన్సర్‌ను విమలక్క స్వయంగా తీసుకెళ్లి ఆవిడకు అప్పగించింది. కొత్త చప్పుడుతో ఆ గల్లీలోంచి వెళితే గేటు తెరుచుకోలేదు. వరండాలో కూర్చున్న ఆవిడ తలెత్తి, ముక్కూ మొహం తెలియనివాళ్లను చూసినట్టు చూసి, "బండి బాగుందమ్మా," అంది. ఆ అడుగుల గురించి నేనూ విమలక్కా ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

విమలక్క పోయాక ఆఫీసు నా చేతికి వచ్చింది. బల్లలన్నీ ఆమె ఎత్తుకు తగ్గట్టు ఉండేవి, నాకు నడుం నొప్పి పుట్టేది. స్క్రూడ్రైవర్ పట్టుకుని, ఖాళీ గదిలో పైకే అడిగాను. "అక్కా, బల్ల ఎత్తు పెంచుకుంటున్న. పెంచమంటవా, వద్దంటవా?"

అప్పటి నుంచీ అదే అలవాటు. ఇంకొకరు వాడిన వస్తువును మార్చాల్సి వస్తే ముందు అడుగుతాను, అడిగి కాసేపు ఆగుతాను. ఇంతవరకూ ఎవరూ వద్దనలేదు.