సమ్మె రోజున తీసిన తాళం

మొన్న మా ఆఫీసులో ఒక ముసలాయనకు దరఖాస్తు ఎట్లా నింపాలో చెప్తుంటే ఫోన్ వచ్చింది. లైబ్రరీ సార్ పోయారని. ఆ తర్వాత ఆయనకు ఏం చెప్పానో, ఆయన ఏం రాసుకున్నాడో నాకు గుర్తులేదు.

దిల్‌సుఖ్‌నగర్ సందులో ఉన్న చిన్న లైబ్రరీకి ఆయన లైబ్రేరియన్. మీలో కొందరు అక్కడ చదువుకునే ఉంటారు. కోచింగ్ సెంటర్లకు పోయే స్తోమత లేని మాబోటి వాళ్లకు అదే దిక్కు. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒక్కటే, మనిషికి ఇరవై నిమిషాలే. గడియారం చూసి, "ఇగ లే బిడ్డా, ఎనుకామె సూడు" అనేవారు. నాకు మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. మా నాన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ. ఒకసారి నాన్న లైబ్రరీకొస్తే, తను లారీకెక్కించే బత్తాయిలు ఎక్కడి దాకా పోతాయో సార్ మ్యాపులో చూపించారు. నాన్న ఇంటికొచ్చాక కూడా "అబ్బో, గంత దూరమా!" అంటూనే ఉన్నాడు.

ఎవరు ఏ ఫారం నింపినా సార్ ఎర్ర పెన్సిల్ పట్టుకుని ఒకసారి చదవాల్సిందే. "రాసినోని కండ్లకు తప్పు కనవడదు. ఇంకొకలకు సూపియ్యాలె" అనేవారు. నాకు ఒళ్లు మండేది. డిగ్రీ చదివినదాన్ని, ఫారం నింపడం కూడా రాదా నాకు?

తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగిన రోజులొచ్చాయి. లైబ్రరీకి తాళం పడింది. సార్ ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నారు. నేను సర్కారు కొలువుకు నెట్ సెంటర్లో ఫారం నింపేశాను. ఈసారి రాకపోతే చదువు ఆపి చీరల షాపులో కుదరాలని ఇంట్లో తేల్చేశారు. అందుకేనేమో, మనసు ఒకటే పీకింది. బంద్ అయినా సరే, ప్రింటు పట్టుకుని టెంటు దాకా నడిచిపోయాను.

సార్ చదువుతూ చదువుతూ ఒకచోట ఆగారు. "నాలుగు నుంచి పది దాకా ఏడ సదివినవ్?"

"ఈడనే సార్, సరూర్‌నగర్ల."

"మరి లోకల్ జిల్లా నల్లగొండ అని ఎందుకు వెట్టినవ్?"

"మాది నల్లగొండనే కద సార్."

ఆయన నుదురు కొట్టుకున్నారు. "మనోళ్లందరు చేసే తప్పే ఇది. ఊరు నల్లగొండనే బిడ్డా. కానీ బడి ఏ జిల్లాల సదివితే గదే లోకల్. నీది రంగారెడ్డి. సర్టిఫికెట్లు సూసేనాడు ఎల్లగొడ్తరు."

తప్పులు దిద్దుకునే గడువు ఆ సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. నెట్ సెంటర్లన్నిటికీ షట్టర్లు దించేసి ఉన్నాయి.

సార్ లేచి చెప్పులేసుకున్నారు. ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్‌కు నడిచాం. దారిలో టైర్లు కాలుతున్నాయి, పోలీసులు పిల్లలను ఉరికిస్తున్నారు. పొగకు కళ్లు మండుతూ లైబ్రరీ చేరితే కరెంటు లేదు. బొగ్గు బావులు కూడా సమ్మెలోనే ఉన్నాయి మరి. నాలుగు దాటింది. నాలుగున్నరకు గాని గుమ్మం మీది బల్బు వెలగలేదు.

సార్ తాళం చెవి నా చేతిలో పెట్టారు. "నేను సమ్మెల ఉన్న. లోపల అడుగు వెట్ట. నువ్వే తెరువు."

లోపలికెళ్లి కంప్యూటర్ పెడితే, పేజీ సగం తెరుచుకుని ఆగిపోయింది. అప్పుడే గేటు దగ్గర అరుపులు. సార్ వెంట టెంటులో కూర్చునే ఇద్దరు ఉద్యోగులు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"ఏంది సారూ, సమ్మె ఇడిసి ఆఫీసు తెరిచినవా? సిగ్గనిపిస్తలేదా?"

"నేను తెరువలే. సదువుకునే పిల్ల తెరిచింది."

"బయటికి రమ్మను ఆమెను!"

"కొలువుల కోసమే గద తమ్మీ గీ కొట్లాట! గా పిల్ల ఫారమే ఆగిపోతే, మనం ఎవరి కోసం కూసున్నట్టు? ఐదు కొట్టేదాంక ఎవల్నీ లోపలికి పోనియ్య."

గేటు దడదడలాడింది. నేను పేజీని మళ్లీ మళ్లీ తెరుస్తూనే ఉన్నాను. ఐదుకు రెండు నిమిషాలుందనగా తెర మీద 'రంగారెడ్డి' అని పడింది. భోరున ఏడ్చేశాను. బయటకొచ్చి చూస్తే సార్ చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. "ఎక్కిందా?" అని మాత్రం అడిగి, తాళం వేయించి చెవి తీసుకున్నారు.

ఆ కొలువే ఈనాటికీ నాకు అన్నం పెడుతోంది. ఆయనకు దండం పెట్టని రోజు లేదు.

నిన్న మీర్‌పేట్‌లో సార్ ఇంటికి వెళ్లాను. ఆనాడు గేటు దగ్గర అరిచిన ఇద్దరిలో ఒకాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చారు. "తప్పు జేసినమమ్మా. గా రోజు నుంచి సమ్మె అయిపోయేదాంక సార్‌ను టెంటు కిందికి రానియ్యలే" అన్నారు.

ఇన్నేళ్లలో సార్ నాతో ఆ ముక్క అననే లేదు. నాకు దుఃఖం, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. "మరి సార్ ఇంటికి పోయిండా?" అని గట్టిగానే అడిగాను.

"యాడ వోతడమ్మా? రోజు పొద్దుగాల్నే ఒచ్చెటోడు. టెంటు బయట, ఎండల, పేపర్ పరుసుకొని ఒక్కడే కూసుండెటోడు. మేము లోపల నీడకు కూసొని జై తెలంగాణ అంటే, ఆయన ఆన్నుంచే మా అందరికన్న గట్టిగ అనెటోడు."