టేపు మామయ్య తిరగేసి కట్టిన ఇల్లు

ఒకాయన కట్టిన ఇల్లు పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, ఒక్క ఇటుక కూడా కదలకుండా కుడి ఎడమై ఎడమ కుడై తిరగబడిపోయింది. నమ్మనివాళ్ళు నమ్మకపోవచ్చు. సరే, తిరగబడిపోయిందనడం కాస్త ఎక్కువే. ఆ ఇల్లు పునాది తవ్విన నాటినుంచీ తిరగబడే ఉంది. ఆ మధ్యాహ్నం జరిగిందల్లా ఆ సంగతి అందరికీ ఒక్కసారిగా తెలియడమే. నలుగురూ అన్నది మాత్రం తక్కువ మాట. అక్కడ టీవీ కెమెరా కూడా ఉంది.

ఆయన దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి వీధి వీధంతా టేపు మామయ్య అనేది. స్నానానికి వెళ్ళేటప్పుడైనా తీస్తాడా లేదా అని కొందరికి తీరని అనుమానం. లోకంలో ఉన్న కష్టాలన్నీ ఎవరో ఎక్కడో కొలత సరిగ్గా తీసుకోకపోవడం వల్ల వచ్చినవేనని ఆయన నమ్మకం.

కాపురం దుకాణం వెనక గదిలో. ఆ గదికి కిటికీ లేదు. ఆయన భార్య పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ట్యూబ్‌లైటు కింద కూర్చుని కాజాలు కుట్టింది, గుండీలు వేసింది. మోకాళ్ళు అరిగాక గడప దాటడమూ తగ్గిపోయింది. ఆవిడకి లోకమంటే ఇక టీవీయే. అందులోనూ ఒక కార్యక్రమం మొదలైందంటే పొయ్యి మీద పాలు పొంగినా లేచేది కాదు.

సొంతంగా ఇల్లు కట్టుకునేవాళ్ళని చూపించే కార్యక్రమం అది. ప్రతిసారీ అదే వరస. మొగుడు కొండ కొమ్మున గాజు ఇల్లు కడతానంటాడు. పెళ్ళాం తలూపుతుంది. కప్పు వేయకముందే వాన దంచి కొడుతుంది. ఎక్కడినుంచో తెప్పించిన గాజు పలక తీరా చూస్తే గోడలో పట్టదు. పెళ్ళాం గుడారంలో కూర్చుని ముక్కు చీదుకుంటుంది. అప్పుడు కార్యక్రమం నడిపే ఆవిడ బురదలో బూట్లేసుకుని నిలబడి, గొంతు తగ్గించి, "మీకు భయం వేయడం లేదా?" అని అడుగుతుంది. దాంతో ఈ ఇంట్లో ఆవిడ పేరు భయమ్మ అయిపోయింది.

"అయ్యయ్యో, చూశారా? మళ్ళీ గాజు పట్టలేదు," అంది భార్య ఒకరోజు.

"కొలత తీసుకోవడం రానివాడికి ఇల్లెందుకే?" అన్నాడు టేపు మామయ్య కత్తెర ఆపకుండా. "నా దగ్గరికి పంపు. ముందు లాగు కుట్టడం నేర్పుతా."

"కూర్చున్న చోటునుంచి వంకలు ఎవరైనా పెడతారు. కట్టి చూపించండి, అప్పుడు మాట్లాడండి."

"కడతా! ఏం కావాలి నీకు? గాజు గోడలా, ఈత కొలనా?"

ఆవిడ చేతిలో గుండీని కాసేపు అటూ ఇటూ తిప్పింది. "కిటికీ," అంది. "కుర్చీ వేసుకుని కూర్చుంటే వీధి కనబడాలి. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ కనబడాలి. అంతే."

ఆ 'అంతే' ఆయన గుండెలో సూదిలా దిగింది. ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి నడుములూ కొలిచాడు గానీ, ఇంట్లో మనిషికి ఏం తక్కువైందో కొలవలేదు. ఆ కిటికీ పెట్టకపోతే ఇక తాను మనిషే కాదనుకున్నాడు.

చిన్న స్థలం దొరికింది. ముందు సందు, కుడి పక్కన బస్సులు తిరిగే పెద్ద వీధి, ఎడమ పక్కన గోడౌను. ఆయన బావమరిది తాపీ మేస్త్రీ.

"బావా, ఇంజనీరుని పిలుద్దామా?" అన్నాడు మేస్త్రీ.

"ఏ ఇంజనీరైనా చంకల్లో పట్టేయకుండా ఒక్క చొక్కా కత్తిరించాడట్రా? గీయడం నా పని, కట్టడం నీ పని."

గీయడమంటే కాగితం మీద కాదు. ఆయన కాగితాన్ని నమ్మడు. ఖాళీ స్థలంలో మోకాళ్ళ మీద కూర్చుని, సున్నప్పొడితో నేల మీదే గదులన్నీ గీసేశాడు. గుడ్డ మీద సుద్దముక్క తిరిగినట్టు చెయ్యి తిరిగింది. తుడిచి దిద్దిన గీత ఒక్కటి లేదు.

గోడలు లేచాయి. రోజూ రాత్రి దుకాణం మూశాక వచ్చి, మెడలో టేపు తీసి, గోడ గోడా కొలిచేవాడు. వేలి మందం తేడా ఉండేది కాదు. ఒకరోజు మేస్త్రీ తల గోక్కుంటూ అడిగాడు.

"బావా, ఈ పెద్ద కిటికీ ఇటు పక్కన..."

"వెడల్పెంత?"

"నువ్వు చెప్పినంతే."

"ఎత్తు?"

"అదీ అంతే."

"మరి నోరు మూసుకుని తాపీ పట్టు!"

మేస్త్రీ నోరు మూసుకున్నాడు. అతనూ ఆ కార్యక్రమం చూసేవాడే. భూమి లోపల ఇల్లు కట్టినవాళ్ళని చూశాడు, ఇంటి మధ్యలో బండరాయి వదిలేసినవాళ్ళని చూశాడు. టీవీ ఇళ్ళు ఇలాగే ఉంటాయి కాబోలు, అడిగితే మనకే తెలియదంటారని ఊరుకున్నాడు. ఊరుకున్నవాడు మళ్ళీ ఆ కార్యక్రమంవాళ్ళకి ఫోన్ చేసి, "దర్జీ కట్టిన ఇల్లండీ, కుట్టినట్టుంటుంది," అని గొప్పలు పోయాడు. వాళ్ళు వస్తామన్నారు. ఒక్కటే షరతు. ఇల్లాలు ఆ ఇంటిని మొదటిసారి కెమెరా ముందే చూడాలి.

ఆ రోజు రానే వచ్చింది. భయమ్మ నిజంగానే బూట్లేసుకుని వచ్చింది. టేపు మామయ్య భార్యని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. పెద్ద గదిలో కొత్త కుర్చీ. దాని ముందు గోడంత కిటికీ. దానికి ఆయనే కుట్టిన పరదా, అంచుకి కంటికి కనబడని కుట్టు.

"కూర్చో. నువ్వే తియ్యాలి," అన్నాడు.

ఆవిడ కూర్చుంది. పరదా లాగింది.

గోడ!

గోడౌను గోడ. బూడిదరంగు సిమెంటు గోడ, దాని మీద తుప్పు పట్టిన వాన గొట్టం. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. కిటికీ నిండా అదే.

కెమెరా పట్టుకున్నవాడు కన్ను తీసి, చూసింది నిజమేనా అని మళ్ళీ కన్ను పెట్టాడు. మేస్త్రీ గోడకి జారగిలబడిపోయాడు. టేపు మామయ్య మాత్రం ఆ గొట్టం వంక నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఎవరో రాత్రికి రాత్రి వీధిని ఎత్తుకుపోయి దాని బదులు ఈ గోడ నిలబెట్టి వెళ్ళినట్టుంది ఆయనకి. చెయ్యి తనంతట తానే మెడలో టేపు దగ్గరికి వెళ్ళింది. ఏం కొలవాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

"వీధేదిరా?" అన్నాడు చివరికి.

"అటు పక్క, బావా. స్నానాలగది అవతల."

"అటెందుకుంది?"

"అది మొదటినుంచీ అటే ఉంది!"

భయమ్మ అలవాటు కొద్దీ, గొంతు తగ్గించి, "మీకు భయం వేయడం లేదా?" అంది.

"వేస్తోందమ్మా," అన్నాడు టేపు మామయ్య. ఆ కార్యక్రమంలో అంతవరకూ ఎవరూ ఆ జవాబు చెప్పలేదు. ఆవిడ దగ్గర తర్వాతి ప్రశ్న లేదు.

అప్పుడు భార్య నోరు విప్పింది. "ఏమండీ, మీరు వెనక వైపు గీశారు కదూ?"

గుడ్డ మీద గీత ఎప్పుడూ వెనక వైపే గీస్తారు, సుద్ద ముందుకి కనబడకూడదని. గీసేటప్పుడు ఎడమన ఉన్న జేబు, తిరగేసి తొడుక్కుంటే కుడికి వస్తుంది. జీవితమంతా అలాగే గీసిన చెయ్యి నేల మీద కూడా అలాగే గీసేసింది. అలాగే చూసిన కన్ను రోజూ వచ్చి ఆ గోడల్ని మనసులో తిరగేసుకుని, బాగుందనుకుని వెళ్ళిపోయింది. టేపుకేం, అది పొడుగు చెబుతుంది, కుడి ఎడమలు చెప్పదు.

"చొక్కా అయితే తిరగేసి ఇచ్చేవాణ్ణి," అన్నాడు. "ఇంటిని ఏం చెయ్యనే?" కుర్చీ పక్కనే నేల మీద కూలబడ్డాడు.

ఆవిడ ఏడవలేదు. ముక్కు చీదలేదు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మోకాళ్ళు కలుక్కుమంటున్నా, పెద్ద గది దాటి స్నానాలగదిలోకి నడిచింది. పైన గాలికి వదిలిన జానెడు కన్నం తప్ప ఆ వైపు గోడలో ఏమీ లేదు. అందులోంచి బస్సు హారన్ వినబడింది. ఎవరో ఎవర్నో తిడుతున్నారు. ఎవరో పగలబడి నవ్వుతున్నారు. ఆవిడ ఆ గోడకి చెవి ఆనించింది.

"ఇక్కడుంది నా వీధి," అంది. "ఇన్నేళ్ళలో బిగుతైన చొక్కా ఒక్కటైనా పారేశారా మీరు? విప్పి మళ్ళీ కుట్టేవారు కాదూ? కత్తిరించండి."

టేపు మామయ్య కళ్ళు తుడుచుకుని జేబులోంచి సుద్దముక్క తీశాడు. కొత్త టైల్స్ గోడ మీద పెట్టబోయాడు.

"ఇటునుంచి కాదు!" అని అరిచింది భార్య. "బయటికి వెళ్ళి, వీధి వైపు నుంచి గీయండి. మీ చేతిని ఇక నేను నమ్మను."

బయటినుంచి గీశాడు. మేస్త్రీ సుత్తి ఎత్తాడు. పెళ్ళలు ఊడి పడ్డాయి, దుమ్ము లేచింది, భయమ్మ బూట్లు తెల్లబడ్డాయి. దుమ్ము తగ్గేసరికి గోడలో పెద్ద కన్నం, దాని నిండా వీధి. సైకిలాపి ఒకాయన లోపలికి తొంగిచూసి, "ఏమ్మా, దుకాణం పెడుతున్నారా?" అన్నాడు. పోయేవాళ్ళనే చూడాలనుకుంది గానీ, వాళ్ళు పలకరిస్తారని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

తర్వాత స్నానం పెద్ద గదిలోకి మారింది. గోడంత కిటికీ, పట్టు పరదా, గోడౌను దృశ్యం ఉన్న స్నానాలగది ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. పాత స్నానాలగది కూర్చునే గదైంది. ఆవిడ కుర్చీ కిటికీ దగ్గర, పాత కుళాయి ఇంకా ఆవిడ చెవి పక్కనే. టీవీలో దాన్ని సాహసోపేతమైన ఆలోచన అన్నారు. అది చూసి ఇద్దరు ముగ్గురు వచ్చి, మాకూ ఇలాగే గీసిపెట్టండి బాబూ అని టేపు మామయ్య వెంటపడ్డారు. వాళ్ళని చూడగానే ఆయన సుద్దముక్క జేబులో దాచేసుకున్నాడు.

ఇప్పుడు ఆ సంగతి ఎవరైనా కదిపితే టేపు మామయ్య కత్తెర కింద పెడతాడు. పక్క స్టూలు మీద మేస్త్రీ టీ ఊదుకుంటూ ఉంటాడు.

"అంతా అబద్ధం," అంటాడు ఆయన. "నేను ఇల్లు కట్టలేదు. టీవీవాళ్ళు రాలేదు. అసలు నాకు బావమరిదే లేడు."