వానలో ఉగ్గాని వేట

మా సీమలో వాన పడేటప్పుడు గొడుగు తీసేవాడిని ఊరు క్షమించదు. ఏడాదికొకసారి దారి తప్పి వచ్చిన చుట్టం మొహాన తలుపు వేసినట్టు కదా. అందుకే ఆ రోజు కర్నూలు నుంచి కారులో బయలుదేరినప్పుడు గొడుగు ఇంట్లోనే వదిలేశాము. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి తుంపరగా మారింది. ఆకాశం ఎంత కిందికి దిగిందంటే, మేఘాలు కారు నెత్తిన చిక్కుకున్నాయి. ఓర్వకల్లు రాతిగుట్టలు దాటేదాకా వాటిని ఈడ్చుకుంటూనే పోయాను.

ఈ ప్రయాణమంతా నా భార్య నాలుక కోసం. రెండు నెలల కింద ఆమెకు జ్వరం వచ్చింది. పోతూపోతూ రుచినీ వాసననూ మూటగట్టుకుని పోయింది. వస్తాయన్నాడు డాక్టరు. ఎప్పుడొస్తాయో మాత్రం చెప్పలేదు. అప్పటినుంచి ఆమె గడియారం చూసి తింటోంది. ఒకరోజు పరీక్ష చేద్దామని పులుసులో కారం మూడింతలు వేశాను. ఆ ఘాటుకు పక్కింటివాళ్ళు తుమ్మారు, ఎదురింటివాళ్ళు తుమ్మారు, రోడ్డున పోయే బస్సు కూడా తుమ్మింది. ఆమె మాత్రం నిదానంగా తినేసి చెయ్యి కడుక్కుంది. నాకు నవ్వు రాలేదు.

కొండల కింది ఊళ్ళన్నీ తిప్పుతూ, ఏ ఊళ్ళో ఏది పేరున్నదో అది తినిపిస్తూ గండికోట దాకా పోదామనుకున్నాను. ఎక్కడో ఒకచోట ఆ నాలుక మేలుకోకపోతుందా అని నా ఆశ.

మొదటి ఊళ్ళో ఉగ్గాని. నానిన బొరుగులకు పెట్టే తాలింపునూ, పక్కన ఇచ్చే మిరపకాయ బజ్జీనీ అరవై కిలోమీటర్లు వర్ణించుకుంటూ పోయాను. తీరా చూస్తే హోటలుకు తాళం. రెండో ఊళ్ళో కారం దోసె. పెనం బోర్లించి ఉంది, దాని మీద పిల్లి నిద్రపోతోంది. మూడో ఊళ్ళో పొంగణాలు. బయట మరిచిపోయిన పెనం గుంతల్లో వాననీళ్ళు నిండి, గుంతకొక చిన్న ఆకాశం తేలుతోంది. అరుగు మీద ముసలాయన ఒక్కడే ఉన్నాడు.

"ఏం తాతా, ఊరంతా యాడికి పోయింది?"

"నేల పదునైంది గదప్పా, ఇత్తనానికి పోయినారు. దోసెలు పోస్తా కూర్చుంటే నేల ఆరిపోదా? మళ్ళా నువ్వొచ్చి తడుపుతావా?"

మూడు తరాల సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టి, మంచి వాన పడిన మర్నాడు హోటళ్ళు తెరిచి ఉంటాయనుకున్న మహానుభావుణ్ణి సీమ చరిత్రలో నేనొక్కణ్ణే.

"ఆకలేస్తాందా?" అని భార్యను అడిగాను.

"గంటెంతయింది?" అంది ఆమె.

ఆ తర్వాత దారి కలలో దారిలా సాగింది. కొండలు ఒక్కోటే మంచులోంచి తల ఎత్తి, మమ్మల్ని చూసి, మళ్ళీ మునిగిపోతున్నాయి. ఒక మలుపులో ఎర్రనేల చేను కనిపించింది. నాగలి ఆపి నలుగురు ఆడవాళ్ళు గట్టు మీద అన్నాలకు కూర్చున్నారు. కారు ఆపాను.

"బండి చెడిపాయనా అన్నా?" అంది వాళ్ళలో పెద్దామె.

"బండి బాగుండాది అక్కా, కడుపే కాలీ. ఉగ్గాని కోసమని కర్నూలు నుంచి వస్తాండాము."

"పదున్లో ఉగ్గానా?" అని నలుగురూ నవ్వారు. వాళ్ళ నవ్వుకు ఎదురు కొండ కదిలి నాలుగడుగులు వెనక్కి పోయింది. పెద్దామె రాగి సంగటి ముద్దలో గుంత చేసి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి నా భార్య చేతికిచ్చింది.

ఆమె ఒక ముద్ద తినింది. రెండో ముద్ద దగ్గర ఆగింది. తుంపర ఆగింది, ఎద్దుల నెమరు ఆగింది, లోయలో పారే పెన్నమ్మ కూడా ఆగి చూసి ఉంటుంది.

"పెద్దమ్మా, దీంట్లో తెల్లగడ్డ కాల్చి ఏసినారా?"

"ఏసినా. పొయ్యిలో మర్చిపోతే మాడింది. శేదుండాదా?"

"ఉండాది," అంది నా భార్య. కళ్ళు మూసుకుంది. "శానా ఉండాది."

మిగిలిందంతా తినేసి, ఇంకో ముద్దకు చెయ్యి చాపింది. నేను కొండల వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. తుంపర ఆగిన సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

"మా చేన్లో తిన్నోళ్ళు ఊరికే పోగూడదు. ఒక సాలు ఇత్తి పో," అంది పెద్దామె.

నా భార్య కొంగు బిగించి, ఒడి నిండా విత్తనాలు పోయించుకుని వాళ్ళలో ఒకామె తోలే నాగలి వెనక నడిచింది. జానెడుకొక గింజ జారవిడుస్తూ మంచులోకి పోయింది. చేను చివర వంగి గుప్పెడు తడిమట్టి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకోవడం మసకమసకగా కనిపించింది. ఎద్దులు మళ్ళి వచ్చేశాయి. ఆమె అక్కడే ఉంది.

"ఏమప్పా, మీ ఇంటామె ఆడనే నిలబడిపాయ. ఎద్దులకున్న తెలివి గూడా లేకపాయనా?"

"ఉండనీలే అక్కా," అన్నాను. "నిదానంగా రానీ."