కత్తెరమ్మ గీసిన గీత

ఆ దర్జీ కొట్టు ఇద్దరు తోడికోడళ్ళది. పెద్దావిడ కోసేది, చిన్నావిడ కుట్టేది. పెద్దావిడను వీధంతా కత్తెరమ్మ అనేవారు. చేతిలో కత్తెర ఆడినంతసేపూ ఆవిడ నోరూ ఆడేది. కొలతలు తీస్తూ, పొట్ట పెరిగినవాళ్ళని "ఇంకో గజం గుడ్డ తెండి బాబూ" అని ఆటపట్టించేది. భర్తలిద్దరూ పోయాక కూడా ఆ కొట్టులో నవ్వులు ఆగలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి బల్ల మీది పేలికలు పక్కకి తోసి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు.

అన్నీ చెడగొట్టింది ఒక్క మాట. ఎవరో పెద్దమనిషి కొత్త చొక్కా తొడుక్కుని చూసుకుని, కుట్టు బ్రహ్మాండంగా ఉందన్నాడు. కత్తెరమ్మ నోరు ఊరుకోదుగా!

"కోత కుదిరితే ఎవరు కుట్టినా కూర్చుంటుంది లెండి" అనేసింది.

చిన్నావిడ మొహం మాడిపోయింది. ఆవేళ్టి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒక రోజా, ఒక నెలా, ఆరేళ్ళు! ఇలాంటి పంతాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కొట్టు మాత్రం మూతపడలేదు. చెప్పవలసినదంతా కత్తెరమ్మ గుడ్డ మీదే చాక్‌తో గీసేది. అడ్డగీత పెడితే అడుగున అస్తరు గుడ్డ వెయ్యాలి, సున్నా చుడితే లోపలి జేబు. ముక్కలు బల్ల మీదుగా తోస్తే చిన్నావిడ తలెత్తకుండా అందుకునేది. రానురాను కత్తెరమ్మ వచ్చేపోయేవాళ్ళతోనూ మాటలు తగ్గించేసింది. కొట్టు మీది గదిలో ఒక్కతే తినేది, అదీ పేరుకే. నిద్ర పట్టేది కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మనిషి చిక్కి సగమైపోయింది. తల తిరుగుతోందని చెప్పుకోవడానికైనా ఒక మనిషి ఉండాలి కదా.

ఆ తర్వాత గీతలు తేడాగా రావడం మొదలైంది. ముందు చొక్కా ఎడమ చంక కాస్త కిందికి దిగింది. తర్వాత ఎడమ చెయ్యి పొట్టిదైంది. ఒకనాడైతే చొక్కాకి ఎడమవైపే లేదు. గుడ్డ సగానికి వచ్చేసరికి చాక్ ఆగిపోయింది. అది చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమనాలి. చిన్నావిడకి మాత్రం కోపం నషాళానికంటింది.

'ఎంత కచ్చ! కోత చెడితే నేను కుట్టినా కూర్చోదని నలుగురికీ చూపించాలనే కదా' అనుకుంది.

నోరు విప్పి అడగడానికి పంతం అడ్డొచ్చింది. పళ్ళు బిగబట్టి ఎడమ ముక్కలన్నీ తనే కొలిచి, తనే కోసుకుంది. అంత బాగా సర్దేసింది కాబట్టే బట్టలు తీసుకెళ్ళినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు.

ఒక ఉదయం యూనిఫాంల కోసం ఓ పంతులమ్మ వచ్చింది. కత్తెరమ్మని పలకరించి, చిన్నావిడ వైపు తిరిగింది.

"మీ అక్కయ్య మూతి అదోలా ఉందేంటమ్మా? మాట కూడా ముద్దముద్దగా వస్తోంది."

"ఏమో. మేం మాట్లాడుకోం" అంది చిన్నావిడ, మిషన్ ఆపకుండా.

వెనకాల కత్తెర కింద పడింది. దాని వెంటే కత్తెరమ్మ కూలిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నావిడని మంచం పక్కకి పిలిచింది.

"మెదడులో రక్తం గడ్డకట్టింది. ఇదివరకు కూడా చిన్నచిన్నగా వచ్చినట్టుంది. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కదా, మాట ఎప్పట్నుంచి తడబడుతోంది?"

చిన్నావిడ తల అడ్డంగా ఊపింది.

"మాట సంగతి నాకు తెలీదండీ. గీత మాత్రం పోయిన నెల్లోనే వంకర తిరిగింది."

"గీతేంటమ్మా?"

చెప్పింది. ఎడమ చంక, ఎడమ చెయ్యి, సగంలో ఆగిపోయిన చాక్, అన్నీ చెప్పింది.

"ఇంత తెలిసి అప్పుడే ఎందుకు తీసుకురాలేదు? ఆ రోజే వచ్చుంటే మాట దక్కేదేమో."

"నా మీద కచ్చతో గీస్తోందనుకున్నానండీ."

కత్తెరమ్మకి స్పృహ ఉంది. ఆ మాట విన్నది. కుడిచేత్తో తోడికోడలి మణికట్టు గట్టిగా పట్టుకుని, పెదాలు కదిపింది.

"అక్కా, ఏంటక్కా? తిట్టక్కా, ఏదో ఒకటి అను" అంటూ చిన్నావిడ ఆమె నోటి దగ్గర చెవి పెట్టింది. ఎంతసేపు అలా ఉన్నా ఊపిరి తప్ప మాట రాలేదు.