మా మేడ మీద కొవ్వొత్తులు ఎండబెట్టిన రోజు

పెళ్లిమాట ఖాయం చేసుకోవడానికి ముస్తాబై కూర్చున్న జనాన్ని, ఒక్క అగ్గిపుల్ల గీసి హాలు బయటికి పరుగెత్తించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నరసరావుపేట రండి. మా ఇల్లు ఎవరినడిగినా చూపిస్తారు. ఇదివరకు "ఆవకాయ అత్తమ్మగారి ఇల్లు" అనేవాళ్లు. ఇప్పుడేమంటున్నారో నేను అడగదలచుకోలేదు.

ఇది జరిగి మూడేళ్లయింది. అప్పటికి నాకు అరవై ఆరు. చిన్నతనం, ఏదో తెలియక చేశాను.

ముందు నా సంగతి ఒక ముక్క చెప్పాలి. నేను కొలతల మనిషిని. మా వంటింట్లో తేదీ లేని జాడీ ఉండదు. ఏ రోజు కలిపానో, ఏ రోజు తిరగ కలిపానో రెండూ చీటీ మీద రాసి అంటిస్తాను. ఉప్పు గ్లాసుతో కొలిచినా, పైన గోపురంలా నిలిచినదాన్ని చాకుతో గీకి సమం చేస్తే గాని నాకు నిద్ర పట్టదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి నా చేతి ఆవకాయకు బూజు పట్టలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. గొడవంతా అక్కడే పుట్టింది గనక చెబుతున్నాను.

మా కోడలు స్వాతి సోయా కొవ్వొత్తులు చేయడం మొదలుపెట్టింది. సోయా నూనెతో తయారైన మైనాన్ని తెప్పించి, కరిగించి, రంగూ పరిమళమూ కలిపి గాజు గ్లాసుల్లో పోస్తుంది.

"కరెంటు పోతే వెలిగించేదానికి ఇంత సింగారమేందే?" అన్నాను.

"ఇవి కరెంటు పోతే వెలిగించేవి కావు అత్తయ్యా. కరెంటు ఉన్నప్పుడు లైట్లు తీసేసి వెలిగించుకునేవి."

ఆ జవాబు అరిగించుకోవడానికి నాకు రెండు పూటలు పట్టింది.

మొదటి ఆర్డరు పక్కింటి మస్తాన్‌బీ వదినది. వాళ్లమ్మాయి రేష్మాకు మంగ్నీ, అంటే నిశ్చితార్థం. వచ్చినవాళ్లందరికీ చేతిలో ఒక్కో కొవ్వొత్తి పెట్టి పంపాలని ఆమె సరదా.

"ఎర్రగా ఉండాల స్వాతీ, పండు మిరపకాయంత ఎరుపు! పిల్లోడి పిన్నికి గుంటూర్లో గిఫ్టుల షాపుంది. ఆమె కంటికి ఆనిందంటే నీ సరుకు ఇంక ఆ షాపులోనే" అంది వదిన.

స్వాతి ముఖం అప్పుడే వెలిగించిన ఒత్తిలా అయింది. అయినా, "ముదురు రంగు వద్దు పిన్నీ, తెలుపైతే పేచీ ఉండదు" అని నసిగింది.

"అడిగినోళ్లకు అడిగిన రంగివ్వాలే! వంకాయ కావాలంటే బీరకాయ అమ్ముతావా?" అని నేనే అడ్డుపడ్డాను. గమనించండి, నా మొదటి తప్పు ఇది. ఎవరూ అడగకుండానే చేశాను.

పోత రోజున థర్మామీటరు నా చేతికిచ్చింది. ఆ అమ్మాయికి నా మీద అంత నమ్మకం. చెప్పిన వేడికి ఒక గీటు అటూ ఇటూ కానివ్వకుండా చూశాను. పోసేసి తను స్నానానికి వెళ్లింది. గ్లాసులు పొగలు కక్కుతున్నాయి. వేడి మీద మూతపెడితే చెమట పట్టి పాడవుతుంది, ఇది పచ్చళ్ల న్యాయం. చప్పున చల్లారాలని కూలరు తెచ్చి, వాటి ముఖాన పెట్టి, పెద్ద స్పీడులో తిప్పాను. రెండో తప్పు.

తెల్లారి చూద్దును గదా, ఎర్రటి మైనం మీద తెల్లగా పొర! ముగ్గు వేసిన చేతిని ప్రతి గ్లాసుకూ తుడిచినట్టు.

"స్వాతీ! బూజు పట్టిందే!"

"బూజు కాదత్తయ్యా, ఫ్రాస్టింగ్."

"ఇంగ్లీషులో పిలిస్తే బూజు పోద్దా?"

"అయ్యో, నెయ్యి పేరుకుంటే పూస కట్టదా? అట్లాంటిదే. సోయా మైనం గుణమే అంత. నష్టమేం లేదు, వెలిగేది మామూలుగానే వెలుగుద్ది. తెల్ల మైనంలో కనపడదు, ముదురు రంగులో బయటపడుద్ది. తొందరగా చల్లారితే ఇంకా ఎక్కువ కడుద్ది. అందుకే నెమ్మదిగా..." అని ఆగి, మూలనున్న కూలరు వంక చూసింది. తరవాత నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను.

పాపం, ఆ పిల్ల తల ఆరబెట్టుకునే మిషను తెచ్చి గ్లాసు గ్లాసుకూ వేడిగాలి కొట్టింది. పైపొర కరిగి అద్దంలా అయింది. హమ్మయ్య అనుకున్నాం. కాఫీ తాగి వచ్చేసరికి తెలుపు మళ్లీ దిగబడింది, సాగనంపితే సందు చివర నుంచి తిరిగొచ్చిన చుట్టంలాగా. మళ్లీ కొట్టింది. మళ్లీ వచ్చింది.

"ఇంక వదిలేద్దాం అత్తయ్యా. ఇది సహజంగా వచ్చేదేనని ఒక చీటీ రాసి పెడతా."

"మన సరుకుకు బూజు పట్టిందని మనమే చీటీ రాసి అంటించుకుంటామా? ఈ ఇంట్లోంచా?"

"బూజు కాదంటుంటే!"

"సరే, కాదులే."

నేను "సరే" అంటే ఒప్పుకున్నట్టు కాదని ఆ పిల్లకు ఇన్నేళ్లుగా తెలుసు. అందుకే అట్టపెట్టెలు తేవడానికి చిలకలూరిపేట బయల్దేరుతూ, గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది: "వాటిని ముట్టుకోవద్దు." ఒక్క గ్లాసు మాత్రం తరవాత చూసుకుంటానని బీరువా మీద పెట్టుకుంది.

ముట్టుకోనని నేను మాటివ్వలేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి.

బూజు అంటే తేమ. తేమకు మందు ఎండ. పప్పుకు పురుగొచ్చినా, చింతపండు మెత్తబడినా, వడియం చెమ్మగిల్లినా మేడెక్కించడమే మాకు తెలిసిన వైద్యం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఎవరో అన్నారట. నేను పట్టిన కుందేలుకు కాళ్లే లేవు, నేనే మోసుకుని మేడెక్కాను. పెద్ద పళ్లేల్లో మిగతా గ్లాసులన్నీ సర్ది, మేడ మీద నట్టెండలో వరసగా పెట్టాను.

ఆ రోజుల్లోనే ఆవకాయ పనులు జరుగుతున్నాయి. కారం ఆడించి, మేడ మీదే ఒకసారి ఎండ చూపించి, అప్పుడే కిందికి దించాను. కొవ్వొత్తుల మీద దుమ్ము పడితే? శుభ్రం విషయంలో నాకు రాజీ లేదు. కారం మీద కప్పిన పలచటి గుడ్డ దండెం మీదే ఉంది. దులిపాను. బాగానే దులిపాను. దాన్నే గ్లాసుల మీద కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, కిందికొచ్చి అన్నం తిని ఒక కునుకు తీశాను.

అది రోహిణీ కార్తె. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. రోలే పగిలే ఎండలో మైనం ముద్ద పతివ్రతలా నిలబడుతుందని నేనెట్లా అనుకున్నానో, ఇప్పటికీ నాకు నేనే సమాధానం చెప్పుకోలేకపోతున్నాను.

లేచి వెళ్లి గుడ్డ ఎత్తితే, గ్లాసుల నిండా టమాటా చారు! ఒత్తులన్నీ వాలిపోయి, ఈత రాని పిల్లల్లా అంచులు పట్టుకుని వేలాడుతున్నాయి. పళ్లెం ఎత్తుదామంటే తొణుకుతుంది. గొడుగు తెచ్చి, కొవ్వొత్తులకు నీడపట్టి నిలబడ్డాను. చీపురుపుల్లలు విరిచి, ఒత్తులకు అటొకటి ఇటొకటి ఆనించి నిలబెట్టాను. ఎదురు మేడ మీద బట్టలు తీస్తున్న అమ్మాయి, "ఏం చేస్తన్నావ్ అమ్మమ్మా?" అని కేకేసింది. "వ్రతం!" అన్నాను.

మేడ గచ్చు పొద్దుగూకేదాకా పెనంలా కాగుతూనే ఉంది. గ్లాసులు మెల్లగా, చానా మెల్లగా చల్లారాయి. స్వాతి వచ్చేసరికి ప్రతిదీ పట్టులా నునుపు. తెల్లపొర మచ్చుకైనా లేదు. రంగు కూడా ఇంకాస్త చిక్కబడింది!

"ఏం చేశారత్తయ్యా?"

"ఎండలో పెట్టా. బూజని చెబితే విన్నావా?"

ఆ పిల్ల గ్లాసు తిప్పి తిప్పి చూసి, "నెమ్మదిగా చల్లారినయ్ గదా, అందుకే" అని గొణిగింది. తరవాత వాసన చూసి, "ఏందో ఘాటుగా ఉంది" అంది.

"ఆవకాయ రోజుల్లో ఇల్లంతా ఘాటే" అన్నాను. అది నిజమే కూడా. ఆ వారం మా ఇంట్లో మల్లెపూలు ముక్కు దగ్గర పెట్టుకున్నా కారం వాసనే వస్తుంది.

మంగ్నీ నాడు హాలు నిండా జనం. ఏసీ చల్లదనం పోకుండా తలుపులన్నీ బిగించారు. స్టేజీ ముందు బల్ల మీద మా ఎర్ర కొవ్వొత్తులు వరసగా పెట్టారు. "పెద్దదానివి, నీ చేత్తో వెలిగించు వదినా" అంది మస్తాన్‌బీ. మురిసిపోయి వెలిగించాను. పిల్లోడి పిన్ని ముందు వరసలో కూర్చుని తల పంకించింది. స్వాతి నా చెయ్యి నొక్కింది.

మొదట పిల్లోడి నాన్న దగ్గాడు. గొంతులో ఏదో పడిందనుకున్నాం. తరవాత ఆయన పక్కాయన. ఆ తరవాత, నీళ్లు వదిలిన కాలవలాగా దగ్గు వరస వెంట వరస పారుకుంటూ వెళ్లింది. పిల్లోడు ఉంగరం తొడగబోయి ఒక్క తుమ్ము తుమ్మాడు. ఉంగరం ఎగిరి కుర్చీల కిందికి పోయింది. రేష్మా కళ్ల వెంట ధారలు. అమ్మాయికి ఇష్టం లేదేమోనని అవతలివాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు.

"తలుపులు తియ్యండిరా! మిరపకాయలు మాడుతున్నాయ్!" అని ఎవరో అరిచారు.

జనం బయటికి ఉరికారు. మస్తాన్‌బీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. "ఏం కలిపినవ్ వదినా వీటిల్లో?"

అప్పుడు గుర్తొచ్చింది, ఆ కారం గుడ్డ. దులిపానని చెప్పాను చూడండి, ఉతికానని చెప్పలేదు. రంగు ఎందుకు చిక్కబడిందో కూడా అప్పుడే తెలిసింది. స్వాతి కొవ్వొత్తులు ఊది ఆర్పేసి, వాటి వంక చూస్తూ నిలబడింది. ఆ పిల్ల తిట్టినా బాగుండును.

అంతలో పిల్లోడి నాయనమ్మ, కళ్లు తుడుచుకుంటూనే గట్టిగా అంది: "దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రావాల. వచ్చిందంటే దిష్టి లేనట్టే. ఇంత ఘాటు నేను పుట్టి చూళ్లా. పిల్లకు రవ్వంత దిష్టి లేదు. ఉంగరం వెతకండి!"

జనం పడీపడీ నవ్వారు. ఉంగరం దొరికింది, మాట ఖాయమైంది. నాకు ఊపిరి వచ్చింది, దగ్గుతో కలిపి.

సాయంత్రం ఆ షాపు పిన్ని మా ఇంటికొచ్చింది. ఆవిడకు క్షమాపణ ఎట్లా చెప్పాలో తెలియక స్వాతి బిస్కట్లు పెట్టింది. ఆవిడ చూపు బీరువా మీదికి పోయింది. అక్కడున్న తెల్లపొర కొవ్వొత్తిని చేతిలోకి తీసుకుని, "ద్రాక్షపండు మీద పొడిలాగా ఎంత బాగుంది! అసలైన సోయా అంటే ఇదేగా. తెలిసినవాళ్లు ఇదే అడిగి కొంటారు. ఇట్లాంటివి పెట్టుకుని ఆ నున్నటివి ఎందుకు పంపావమ్మా? నాకు ఇవే కావాలి" అంది.

స్వాతి నా వంక చూడలేదు. చూస్తే నవ్వుతుందని.

ఆ ఆర్డరుకు నేనే ముందుకొచ్చి పోత పోశాను. అదే రంగు, అదే వేడి, అదే కూలరు, అదే స్పీడు. తెల్లారి చూస్తే అద్దాలు! పొర లేదు, మరక లేదు. మళ్లీ కరిగించాను, మళ్లీ అద్దాలు. వద్దన్ననాడు తరిమినా పోనిది, రమ్మంటే గడప తొక్కదు. చివరికి స్వాతి నన్ను గదిలోంచి బయటికి పంపి తలుపేసుకుంది. ఆ పూట పోసినవన్నీ చక్కగా తెల్లబడ్డాయి.

కాబట్టి ఊరి పెద్దల సాక్షిగా నా ప్రతిజ్ఞ: నా కంఠంలో ప్రాణముండగా, తెల్లగా కనిపించిన దేన్నీ కోడలిని అడగకుండా మేడెక్కించను, కారం గుడ్డతో కారాన్ని తప్ప మరి దేన్నీ కప్పను. ఈ మాటలు చీటీ మీద రాసి, తేదీ వేసి, ఆవకాయ జాడీకి అంటించాను.

మొన్నటి ముసురుకు ఆ చీటీకి బూజు పట్టింది. ఈసారి నిజం బూజే. స్వాతి ఊరి నుంచి వచ్చేదాకా ఆగుతాను.