కళ్ళు కాయలు కాసిన ఫోటో

పెళ్ళిళ్ళ ఫోటోలు తీసి తీసి విసుగెత్తి, మనం రోజూ అనే మాటల్ని ఉన్నదున్నట్టు బొమ్మ కట్టి చూపించాలని నాకొక పిచ్చి పట్టింది. గాలిలో దీపం అంటాం కదా, యాడికి అనే ఊరి దగ్గర మా మేనత్త వాళ్ళ పల్లె గుట్టెక్కి నిజంగానే ప్రమిద పెట్టాను. అగ్గిపెట్టె ఖాళీ అయింది గానీ దీపం వెలిగితే ఒట్టు. నోట్లో మట్టి పడటం తీయాలంటే ఎవరో ఒకరు కావాలి కదా, అత్త పక్కింటి రైతును అడిగాను. ఆయన పగలబడి నవ్వాడు.

"ఏమప్పా, మా నోట్లో మన్ను పడేది నీకిప్పుడు కనపడెనా? ఏండ్లుగా పడతానే ఉండాది!" అంటూ పిడికెడు ఎర్రమన్ను తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఫోటో బాగా వచ్చింది.

అత్త అదంతా అరుగు మీద నుంచి చూస్తూ ఉంది. మామ తాడిపత్రిలో బండల లారీ ఎక్కి పోయినవాడు మళ్ళీ రాలేదు. పన్నెండేళ్ళు దాటింది. అంతకాలం మనిషి జాడ లేకపోతే దర్భలతో బొమ్మ చేసి, దాన్నే కాల్చి కర్మ చేయించడం మావాళ్ళ ఆచారం. మరునాడే ఆ పని పెట్టుకున్నారు. అత్త ససేమిరా అంటోంది. బతికున్న మనిషిని కాల్చినట్టే అని ఆమె మాట. ఆమెను చూస్తే నాకు జాలేసేది, భయమూ వేసేది.

"కండ్లు కాయలు కాసినాయంటారు కదా అల్లుడా, అది తియ్యవా?" అంది. "నాకంటే బాగా ఎవురికి కాసింటాయి?"

పట్టపగలే నట్టింట్లో చాప మీద పడుకుంది. నేను వాకిలికి వీపు పెట్టి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మూసిన రెప్పల మీద రెండు శనక్కాయలు పెట్టాను. కెమెరా ఎత్తి చూశాను. అచ్చం శవంలా ఉంది. వద్దులే అత్తా, లెయ్యి అనబోయాను.

"వచ్చినావా?" అంది.

నాతో కాదు. కళ్ళు తెరిచింది. కాయలు చెంపల మీదుగా దొర్లిపోయాయి. నా భుజం పక్కనుంచి వాకిలి వైపు చూస్తోంది. నా వేలు దానంతటదే మీట నొక్కేసింది. వెంటనే వెనక్కి తిరగడానికి, నిజం చెప్తున్నా, నాకు ధైర్యం చాలలేదు. తిరిగేసరికి వాకిట్లో ఎవరూ లేరు.

మరునాడు దర్భల బొమ్మ సిద్ధమయింది. కర్మ చేయించే అయ్యవారు కూర్చోబోతుంటే అత్త నా కెమెరా తెచ్చి అందరి ముందూ పెట్టింది. "ముందు ఇది సూసి, ఆమైన కాల్చండి" అంది. ఫోటోలో తన కన్నును పెద్దది చేసి చూపించమంది. చేశాను. కంటిపాపలో తెల్లగా వాకిలి. అందులో సన్నగా, నల్లగా ఎవరో.

"అది వీడేలేమ్మే, ఫోటో తీసేది వీడే కదా!" అన్నాడు మా నాయన.

"వాడు నా పక్కన కూచోనుండాడు అన్నా. ఆ నిలబడినోడెవురు?"

అందరూ నా వైపు తిరిగారు. నేను కూర్చున్న మాట నిజం. పక్కింటాయన తొంగిచూశాడేమో. దారిన పోయేవాడేమో. ఏ నీడో ఏమో! ఏదని చెప్పను? అత్త నా మొహంలోకే చూస్తోంది.

"ఉండారత్తా," అన్నాను, "ఎవురో నిలబడుకోనుండారు."

నాయన తల పట్టుకున్నాడు. "ఇంక విప్పండప్పా ఆ బొమ్మను" అన్నారెవరో వెనకనుంచి.

అత్త ఆ నల్లటి ఆకారాన్నే చాలాసేపు చూసింది.

"అయితే వాకిలి దంకా వచ్చి, నన్ను సూసి కూడా, లోపలికి రాకుండానే పోయినాడు."

కెమెరా నా చేతికిచ్చేసి అయ్యవారి వైపు తిరిగింది.

"కానియ్యండి సామీ."