పేర్లు చెరపని బాలశౌరి

బాలశౌరి మొదటి విజయం 2008లో, పటమటలోని అద్దె గదిలో. పాత కంప్యూటర్లో ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించబోయి పదహారుసార్లు ఓడి, పదిహేడోసారి గెలిచాడు. వాళ్ల పేటలో అంతటి పని చేసినవాడు అంతకుముందు లేడు. తర్వాత మూడు కాలేజీలకు నెట్‌వర్కు వేశాడు. ఎనిమిది వందల రోజులు ఆగని సర్వరూ అతను నడిపిందే.

ఆ పేరుతోనే బెంజ్ సర్కిల్ దగ్గర వెంకటకృష్ణారావు గారి కంపెనీలో చేరాడు. ఆఫీసుల ఇంటర్నెట్‌కు కాపలా కాసే పెట్టెలు అక్కడ తయారవుతాయి. లోపల ఉండేది ఫ్రీబీఎస్‌డీయే. కృష్ణారావు గారు బడికిచ్చిన ఫ్యాన్ల రెక్కల మీద కూడా తండ్రి పేరు రాయించిన దాత. పేరు కొట్టించకుండా స్టీలు గిన్నె చదివించడం వాళ్ల ఇంటా వంటా లేదు. అలాంటాయన ఒకరోజు పెట్టెలోని కోడ్ ఫైళ్లు తెరిపిస్తే ప్రతిదాని నెత్తినా అమెరికాలోని ఓ విశ్వవిద్యాలయం పేరు, ఇంకెవరెవరివో పేర్లు.

“మన పెట్టెలో వీళ్లంతా ఎవరయ్యా?”

బాలశౌరి ఆ కోడ్ వంశం మొత్తం విప్పాడు. ఆ విశ్వవిద్యాలయం ఉన్న బర్క్‌లీలో పుట్టిన కోడ్ నుంచి 386బీఎస్‌డీ వచ్చింది. దాన్నుంచి నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ. నెట్‌బీఎస్‌డీ వాళ్లలో తగాదా వస్తే ఒకాయన విడిపోయి ఓపెన్‌బీఎస్‌డీ పెట్టాడు. లినక్స్ అనే ఇంకో ఉచిత సిస్టమ్‌తో పోలికలున్నా వీటి పుట్టుక వేరు. ఎన్ని వేరు కాపురాలైనా పాత పేర్లు ఎవరూ తీసెయ్యలేదు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. పేర్లు మాత్రం ఉంచాలన్నది షరతు.

“అంతా ఊరికే ఇచ్చినోళ్లు పేరు దగ్గర పట్టుబడతారేంటయ్యా?”

“వాళ్లడిగింది అదొక్కటేనండి.”

కృష్ణారావు గారికి ఆ ముక్క ఎక్కలేదు. ఇంకో ఇంజినీరు చేత అన్ని పేర్లూ తీయించి తండ్రి పేరు పెట్టించారు. ఆ కోడ్ షరతులన్నీ పాటించామన్న కాగితం మీద సంతకం పెట్టమంటే బాలశౌరి పెట్టలేదు. రేపట్నుంచి రావద్దన్నారు. గుణదలలో ఇంటికెళ్తే భార్య స్టెల్లా ఒకటే అడిగింది.

“ఎవరో ముక్కూమొహం తెలియనోళ్ల కోసం ఉద్యోగం వదిలేశారా?”

“రాసింది వాళ్లు కదా, స్టెల్లా.”

సరుకు కొన్న హైదరాబాదు సంస్థ ఫైళ్లు తనిఖీ చేసింది. 1991లో రాసిన కోడ్ నెత్తిన, 1986లోనే కాలం చేసిన వరి రైతు, కృష్ణారావు గారి తండ్రి పేరుంది. పేర్లు సరిచేసేదాకా వద్దని పెట్టెలన్నీ వెనక్కి పంపింది.

కృష్ణారావు గారే ఫోన్ చేశారు. తప్పన్న మాట ఆయన నోట రాలేదు గానీ, సెలవు ఇంకెన్నాళ్లు వాడతావని అడిగారు. ముందు పేర్లు పెట్టించమన్నాడు బాలశౌరి. సరేనని, అన్నిటికన్నా కింద నాన్నగారి పేరు ఒక్కటి ఉండనివ్వమన్నారాయన.

“నాన్నగారు రాసిన లైను ఒక్కటి చూపించండి, నేనే పెడతాను.”

మర్నాటికల్లా పాత పేర్లన్నీ ఎక్కడివక్కడికి చేరాయి. ఆఫీసు నోటీసు బోర్డు మీద ఇప్పుడో కాగితం ఉంది: బాలశౌరి గారు సొంత పనుల మీద సెలవులో ఉన్నారు, 2026 ఫిబ్రవరి 12, గురువారం నాడు తిరిగి విధుల్లో చేరతారు.